ఊరంతటికీ ఒక్క కెపాసిటర్

ఉచిత కరెంటు వచ్చిన కొత్తలో మా ఊరికి ఒక అల్లుడుండేవాడు. మనిషి కాదు, కెపాసిటర్. బూడిదరంగు డబ్బా, దానికి మూడు వైర్లు. ప్రతి బోరు మోటారుకూ అది బిగించుకుంటేనే ఉచిత కరెంటు అన్నారు. అది ఉంటే కరెంటు వృథా కాదట, ట్రాన్స్‌ఫార్మర్లు కాలవట, దేశానికి బొగ్గు మిగులుతుందట. ఇదంతా అచ్చేసి ఇంటికో కాగితం పంచారు. నేను బనగానపల్లెలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అందుకని మా అరుగు మీద దాన్ని చదివి వినిపించే పని నా మీద పడింది.

నాలుగు వాక్యాలు చదివానో లేదో, మా చిన్నాయన అందుకున్నాడు. నాన్నకు తమ్ముడు. పక్కవాణ్ణి నవ్వించకుండా మంచినీళ్ళు కూడా తాగని మనిషి.

“వచ్చేదే అరకొర కరెంటు. దాంట్లో మళ్ళా పొదుపు యాడ చేసేదప్పా?”

అరుగంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనుకున్నాను. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క మిగిలింది. అది చదవకుండానే కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాను.

ఊళ్ళో కెపాసిటర్ కొన్నది ఒక్క అంగడాయనే. మిగతా వాళ్ళకు అదే దిక్కయింది. తనిఖీ జీపు వస్తే మొదటి చేనులో అది బిగించి ఉంటుంది. కరెంటాఫీసు సార్లు చూసి, మజ్జిగ తాగేలోపల దాన్ని ఊడపీకి, అడ్డదారిన మోటారు సైకిల్ మీద పక్క చేనికి చేరవేస్తారు. “అల్లుడు బయల్దేరినాడప్పో!” అని గట్టున నిలబడి కేకలు. ఆ తంతు చూసి నేనూ కడుపుబ్బ నవ్వినదాన్నే.

ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం జీపు వచ్చింది. మొదటి చేను చిన్నాయనదే. పాత దిగుడుబావి ఎండిపోతే దాని అడుగునే బోరు వేయించి ఉల్లి పెట్టాడు. స్టార్టర్ పెట్టె మాత్రం బావి ఒడ్డునే, గుంజకు ఉండేది. సార్లు చూసి, మజ్జిగ కోసం చెట్టు కిందికి పోయారు. నాన్న బండి స్టార్టు చేసి తొందరపెడుతున్నాడు. చిన్నాయన మోటారు ఆపి, ఆ వెంటనే వైర్లు పీకాడు.

“ఆపేసినాడమ్మా, నా కండ్లారా జూసినా. అబ్బా అని చెయ్యి ఇదిలిచ్చి, యెనక్కి బాయిలోకి పడినాడు,” అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. ఆ బావిలో నిలువెత్తు నీళ్ళున్నా బతికేవాడు. అడుగున బండ తప్ప ఏమీ లేదు.

మోటారు ఆపినా కాసేపటిదాకా ఆ డబ్బాలో కరెంటు నిలిచే ఉంటుందని వచ్చినవాళ్ళలో ఒక సారు అక్కడే చెప్పాడట. కాగితంలో రాశాం కదా అన్నాడట.

పదోరోజు ముగిశాక చిన్నమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. “ఆ సారు కాగితంలో రాసినామంటాండాడు. సదివింది నువ్వే కదా పాపా. నిజంగా ఉండాదా?”

అప్పటికే నేను కాగితం తీసి చూశాను. ఆ అడుగు ముక్కే. మోటారు ఆపాక కొన్ని నిమిషాలు ఆగి గానీ వైర్లు ముట్టుకోరాదు.

“లేదు చిన్నమ్మా,” అన్నాను.

ఊరు నా మాటే నమ్మింది. ఆ సారును తిట్టని నోరు లేదు. ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు.

చిన్నమ్మకు చదువు రాదు. చిన్నాయన తన చేత్తో మడతలు సరిచేసిన కాగితమని దాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఈ ఏడు ఆమె మనవరాలికి చదవడం వచ్చింది. ఇంట్లో కనిపించిన ప్రతి కాగితాన్నీ అవ్వకు పైకి చదివి వినిపిస్తోంది.