వెనక వసారాలో మంచం

రాజోలు దాటాక కాలవ గట్టున ఒక మిషను ఆసుపత్రి ఉండేది. చదువు పూర్తి చేసి నేను అక్కడ నర్సుగా చేరిన కొత్తలో, వెనక వసారాలో ఒక మంచం విడిగా వేసి ఉండటం చూశాను. వార్డు నిండిపోయి కింద చాపలు పరిచిన రోజుల్లో కూడా దాని మీద ఎవరినీ పడుకోబెట్టేవారు కాదు. అది ఎలాంటివారి కోసమో ఆ అమ్మాయి వచ్చాక తెలిసింది.

అమ్మాయి అనే అంటున్నాను. అప్పటికి ఇరవై కూడా నిండినట్టు లేవు. ఉప్పలగుప్తం అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి చంకలో పాతచీరల ముక్కల మూట. బోడసకుర్రు రేవులో పడవవాడు వాళ్లిద్దర్నీ చివరన కూర్చోమన్నాడట. అయినా జనం ముక్కులకు పైట చెంగులూ తువ్వాళ్లూ అడ్డం పెట్టుకున్నారట.

తల్లి గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"కాన్పు చెడ్డ దగ్గర్నుంచీ పిల్లకి నీళ్లు ఆగట్లేదండి. కూర్చున్నా, నుంచున్నా పోతానే ఉంటాయండి. దానికి తెలీనే తెలీదండి."

నొప్పులు మొదలయ్యాక రోజుల తరబడి బిడ్డ తల అడ్డం పడి ఉండిపోయింది. చివరికి చచ్చిన బిడ్డ పుట్టింది. ఆ ఒత్తిడికి లోపల మూత్రాశయం దగ్గర చిల్లు పడింది. అత్తవారు ముందు పశువుల పాకలో మంచం వేశారు. ఆ తర్వాత పుట్టింటికి పంపేశారు. ఏదో పాపం చేసుకుని ఉంటుందని ఊళ్లో అనుకున్నారు.

మా డాక్టరమ్మగారు పడుచుతనంలోనే చలిదేశం నుంచి వచ్చి, తెలుగు ముందు బైబిల్లోంచి, తర్వాత ఒక పంతులుగారి దగ్గర నేర్చుకున్నారు. అందుకని ఆవిడ మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇది పాపము వలన వచ్చినది కాదు. లోపల చిల్లు పడినది. చిల్లును కుట్టవచ్చును" అన్నారు.

తల్లి నా వైపు తిరిగింది. "ఏమంటన్నారండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల, "కుడతారంటమ్మా" అంది. వచ్చినప్పటి నుంచీ అది పలికిన మొదటి మాట అదే.

వెనక వసారాలో మంచం ఆ పిల్లకిచ్చారు. చుట్టూ గాలి ఆడుతుంది, పక్కనే నుయ్యి. పొద్దునే పక్కగుడ్డలు మార్చడం నా పని. నేను వెళ్లేసరికే తన గుడ్డలు తనే ఉతుక్కుని దండెం మీద ఆరేసి ఉండేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "వద్దండి సిస్టరుగారండీ, మీకు అన్నం సయించదు" అనేది.

మొదటి ఆపరేషను చేసే ముందు డాక్టరమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆపరేషను అయ్యాక మూత్రం పోవడానికి రబ్బరు గొట్టం పెట్టుకుని ఆ పిల్ల కదలకుండా వెల్లకిలా పడుకుంది. దగ్గు వస్తే కుట్లు ఊడిపోతాయేమోనని నోట్లో గుడ్డ కుక్కుకునేది. గొట్టం తీసిన మర్నాడు మంచం మళ్లీ తడిసింది. తల్లి గోడకు చేరగిలబడిపోయింది. డాక్టరమ్మగారు వసారా మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ పిల్లే నన్ను పిలిచి, "ఆవిణ్ణి లేపండి, ఎండ మీద పడతంది" అంది.

పుండు పూర్తిగా మానితేగాని రెండోసారి కుట్టడం కుదరదు. అందుకు నెలలు పడుతుంది. తల్లికి ఊళ్లో కూలిపని ఉంది, వెళ్లిపోయింది. పిల్ల మా దగ్గరే ఉండిపోయింది.

ఆసుపత్రిలో నెలనెలా మంత్రసానులకు పాఠాలు చెప్పేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి, లంకల నుంచి ముసలివాళ్లూ నడివయసువాళ్లూ వచ్చేవారు. చేతులు ఎలా కడుక్కోవాలి, బొడ్డు ఎలా కొయ్యాలి, ఎప్పుడు ఇంక ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి అని డాక్టరమ్మగారు బొమ్మతో చూపించేవారు. వెళ్లేటప్పుడు తలా ఒక తెల్లటి గుడ్డసంచి ఇచ్చేవారు. లోపల సబ్బు, బ్లేడు, దారం. ఆ సంచులు సముద్రం అవతల ఆవిడ సొంత ఊళ్లో ఆడవాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక గుళ్లో కూర్చుని కుట్టి పంపేవారు. ప్రతి సంచి మీదా ఏదో ఒక పువ్వు కుట్టి ఉండేది. మన దగ్గర ఆ పువ్వులు పూయవు.

ఒక నెల ఆ పిల్ల అందరికీ మంచినీళ్లు అందిస్తూ ఒక ముసలావిడ ముందు ఆగిపోయింది. ముసలావిడ తలెత్తి చూసింది.

"నిన్నెక్కడో చూసేనే అమ్మాయ్."

"మా ఊరొచ్చేరండి మీరు. నా కాన్పుకి."

గదిలో అందరూ వినేశారు. ముసలావిడ చెంబు తీసుకోలేదు. ఆ పిల్ల మొహమే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత డాక్టరమ్మగారి వైపు చెయ్యి చూపించి, "ఈవిడ అప్పటికి నాకీ పాఠాలు చెప్పలేదు కదే తల్లీ. పొట్ట నొక్కితే వచ్చేద్దనుకున్నాను" అంది.

"ఆయ్. మీకు మాత్రం ఎలా తెలుద్దండి? నీళ్లు తాగండి" అని చెంబు చేతిలో పెట్టింది పిల్ల. ఆ సాయంత్రం ముసలావిడ వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిమిరింది. మేం తప్ప ఎవరైనా ఆ పిల్లను ముట్టుకుని అప్పటికి చాన్నాళ్లయింది.

రెండో ఆపరేషనులో వేసిన కుట్లు నిలిచాయి. గొట్టం తీసిన మర్నాడు నేను వెళ్లేసరికి ఆ పిల్ల దుప్పటి కింద చెయ్యి పెట్టుకుని తడుముకుంటూ ఉంది. "నాకు నమ్మకం లేదు. మీరు కూడా చూడండి సిస్టరుగారండీ" అంది. చూశాను. పొడిగా ఉంది. కాసేపటికి తను లేచి నూతి దగ్గరికి వెళ్లి, నీళ్లు తోడుకుంటున్న ఆడవాళ్ల మధ్యన వెళ్లి నిలబడింది.

ఏం కావాలని డాక్టరమ్మగారు అడిగితే, "పడవెక్కాలండి" అంది. ఒక ఆదివారం నేనే బస్సులో రేవుకు తీసుకువెళ్లాను. పడవలో నడిమధ్య, ఇద్దరు పెద్దముత్తైదువుల నడుమ ఇరుక్కుని కూర్చుంది. ఒకావిడ ఏ ఊరు, ఎవరి పిల్లవి అని ఆరా తీసింది. ఒడిలో ఉన్న గంపలోంచి జాంకాయ తీసి ఇచ్చింది. అవతలి గట్టుకు వెళ్లి, దిగకుండా అదే పడవలో తిరిగొచ్చేశాం. దారి పొడవునా తను జాంకాయ తినలేదు, చేతిలో పట్టుకునే కూర్చుంది.

నయమైందని తెలిసి భర్త వచ్చాడు. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మనిషి. చేతుల మీదా గుండెల మీదా చెట్టు గీసుకున్న మచ్చలు. తలుపు పక్కన నిలబడి నేల చూస్తూ ఉన్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోమని ఇంట్లోవాళ్లు పోరినా చేసుకోలేదట. అలాగని పాకలో పడి ఉన్న రోజుల్లో ఆ పిల్ల మొహం చూసినవాడూ కాదు. నాకు అతని మీద కోపంగానే ఉండేది. ఆ పిల్ల మాత్రం అతన్ని చూడగానే లేచి వెళ్లి కాళ్లకు నీళ్లు తెచ్చింది.

డాక్టరమ్మగారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. "మరల గర్భము వచ్చినయెడల నెలలు నిండకముందే ఈమెను ఇక్కడికి తీసికొని రావలెను. కోసి బిడ్డను తీయవలెను. మామూలు కాన్పు కారాదు. అయినచో కుట్టినదంతా చిరిగిపోవును."

"ఆయ్. తెస్తానండి."

ఆవిడ మళ్లీ చెప్పించారు. అతను మళ్లీ తెస్తానని చెప్పి ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ అమ్మాయికి కడుపు పండలేదు. ఈలోపు మా ఆసుపత్రే మారిపోయింది. సముద్రం అవతల సంఘాల నుంచి సాయం తగ్గుతూ వచ్చింది. సంచులు కుట్టే ఆడవాళ్లు ముసలివాళ్లయిపోయారని, పిల్లలకు ఆ ఓపిక లేదని డాక్టరమ్మగారు ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆవిడ కళ్లకు చూపు మందగించింది. ఇక కత్తి పట్టకూడదని తనే తేల్చుకున్నారు. ఆవిడ వెళ్లేరోజున మంత్రసానులందరూ వచ్చారు. ఎవరో కొబ్బరికాయలు తెచ్చారు, ఎవరో అరిసెలు కట్టి తెచ్చారు. ఆవిడ కారెక్కబోతూ వెనక్కి వచ్చి ఆపరేషను గది తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆవిడ స్థానంలోకి వేరే డాక్టరు వస్తారన్నారు. ఎవరూ రాలేదు. ఆ గదికి తాళం పడింది. మేం ఇద్దరు నర్సులం జ్వరాలకు మాత్రలిస్తూ, తేలిక కాన్పులు చేస్తూ గడిపాం.

గోదావరికి వరద వచ్చిన ఒక ఉదయం వాళ్లు వచ్చారు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. నెలలు ఇంకా నిండలేదు. రేవులో పడవలు ఆపేసే ముందు చివరి పడవలో దాటించుకుని తీసుకొచ్చాడు భర్త. చెప్పిన మాట చెప్పినట్టే పాటించాడు. డాక్టరమ్మగారు వెళ్లిపోయారన్న కబురు వాళ్ల ఊరిదాకా చేరలేదు. చేరవెయ్యాలని మాకెవరికీ తోచలేదు.

"ఏరండీ అమ్మగారు?" అని అడిగాడు. నేను చెప్పాను. అతను తాళం వేసిన గది వైపు చూసి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అమలాపురం వెళ్దామంటే రేవు మూసేశారు. గన్నవరం వంతెన మీదుగా కొత్తపేట వెళ్తే అక్కడ ఆపరేషను చేసే డాక్టరుగారు ఒకరున్నారు. అద్దెకారు మాట్లాడి ముగ్గురం బయల్దేరాం. కారు గతుకుల్లో పడి లేస్తుంటే ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పులు ఉదయం పడవలోనే మొదలయ్యాయని, భర్త కంగారు పడతాడని చెప్పలేదని అప్పుడు చెప్పింది. కొంత దూరం పోయాక రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. డ్రైవరు దిగి మోకాళ్ల లోతు నడిచి చూసి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

పక్కనే గట్టు మీద బడి ఉంది. దాని వరండాలో, వరదకు ఇళ్లొదిలి వచ్చిన ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుంటే, పట్టపగలు నేనే కాన్పు చేశాను. బిడ్డ చిన్నది కావడంతో తొందరగానే వచ్చేసింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దుతుంటే ఆ అమ్మాయి, "ఏడ్చిందాండీ? ఏడ్చిందాండీ?" అని అడుగుతూనే ఉంది. ఏడ్చింది.

వరద తీశాక తల్లినీ బిడ్డనూ మా ఆసుపత్రికే తెచ్చుకున్నాం. కొన్నాళ్లకు ఒక పొద్దున్న పక్కగుడ్డలు మార్చబోతే తడిగా తగిలింది. తను నా మొహం చూసింది.

"తెలుసండి. మీరు ఏడవకండి. ఈసారి పక్కలో పిల్లుంది కదండీ."

తమిళదేశంలో ఒక పెద్ద మిషను ఆసుపత్రికి రైల్లో తీసుకువెళ్లాను. కుట్టిన చోట్లు గట్టిపడిపోయాయి, ఇంక కుట్టు నిలవదన్నారు అక్కడి డాక్టర్లు. తిరుగు ప్రయాణంలో మిగతావాళ్లకు ఇబ్బందని ఆ అమ్మాయి రైలుపెట్టె తలుపు దగ్గరే కూర్చుని వచ్చింది. పాపను నేను ఎత్తుకుని పక్కన కూర్చున్నాను.

ఈసారి భర్త ఆమెను పాకలో పెట్టలేదు. ఇంటినానుకుని చిన్న గది వేశాడు. కింద సిమెంటు చేయించాడు, కడగడానికి వీలుగా ఉంటుందని. వీలైనప్పుడల్లా వెళ్లి చూసి వచ్చేదాన్ని. తల్లి పక్కలోనే పాప పడుకునేది. కాస్త పెరిగాక అమ్మ గుడ్డలు కాలవకు తీసుకెళ్లి తనే ఉతికేది. తోటిపిల్లలు వెక్కిరిస్తే ఏం చేస్తావే అని అడిగితే, "నేనూ వెక్కిరిస్తానండి" అంది.

పిల్ల బడికి వెళ్లే వయసులో ఉండగా తల్లికి కాళ్లు వాచాయి, మూత్రపిండాలు చెడిపోయాయి. కబురు అంది నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆమె భర్త నన్ను చూసి అరుగు మీంచి లేచాడు.

"ఆవిడ చెప్పినట్టే తెచ్చేనండి. ఆలస్యం చెయ్యలేదండి నేను."

"లేదు నాయనా. నువ్వు ఆలస్యం చెయ్యలేదు" అన్నాను. అన్నేళ్లూ అతని మీద దాచుకున్న కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

దినాలు వెళ్లాక మరోసారి వెళ్తే అతనే చెప్పాడు, పిల్ల తెల్లవారగానే లేచి అలవాటుకొద్దీ కాలవకు పోతోందని. ఉతకడానికి గుడ్డలేమీ లేవు. రాయి మీద కాసేపు కూర్చుని, కాళ్లు తడుపుకుని ఇంటికి వచ్చేస్తుందట. వద్దని చెప్పడానికి అతనికి నోరు రావడం లేదట.