వదలని చెయ్యి

కొత్తవాళ్ళు చెయ్యి చాపితే నా అరచేతికి చెమట పడుతుంది. బిడియమని అనుకునేవాళ్ళు అనుకోనీ. అది కోపం.

మా వైపు చెయ్యి అందుకున్నవాడు అంత తొందరగా వదలడు. పట్టుకునే ఏ ఊరంటాడు, ఊర్లో ఎక్కడంటాడు, నాయన ఏం చేసేవాడంటాడు. కులం తేలేదాకా నా చెయ్యి నాది కాదు. సూటిగా అడిగితే అనాగరికమట, అందుకని ఈ మర్యాద. మొహం మీదే కులమడిగే పాతకాలం మనిషే నయం. వాడితో కనీసం వాదించవచ్చు.

పోయిన ఎండాకాలం ఒక మిత్రుడికి అద్దె ఇల్లు వెతుకుతూ తిరుపతి వీధులన్నీ తిరిగాం. ఆయనకు రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం. బడి తెరిచేలోగా కుటుంబాన్ని తెచ్చుకోకపోతే కూతురికి దొరికిన సీటు పోతుంది. ఒక మేడలో పైవాటా ఖాళీగా ఉందని తెలిసి వెళ్ళాం. రిటైరైన ఉద్యోగి, ఆ ఇంటి యజమాని, గేటు దాకా ఎదురొచ్చి ముందు నా చెయ్యి అందుకున్నాడు.

"మీ నాయన ఏం సేస్తా ఉండేవారు?"

"గుళ్ళో కైంకర్యం."

పట్టు బిగిసింది. ఆయన రెండో చెయ్యి కూడా వచ్చి పైన పడింది. కులాన్ని వదిలేశానని సభల్లో చెప్పుకునేవాణ్ణి, ఆ రెండో చేతిని నోరు మూసుకుని పుచ్చుకున్నాను. మిత్రుడి పని అవుతుందిలే అనుకున్నాను.

తర్వాత మిత్రుడి చెయ్యి పట్టుకున్నాడు.

"యా ఊరప్పా?"

"పూతలపట్టు పక్కన సార్."

"ఊర్లో యాడ?"

"కాలనీలో."

దళితవాడను మా జిల్లాలో కాలనీ అంటారు. ఆ వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. పెద్దమనిషి ఒకడుగు వెనక్కి వేసి, ఎంతో వినయంగా చేతులు జోడించాడు.

"ఏమనుకోవద్దప్పా, పొద్దున్నే వేరేవాళ్ళకు మాటిచ్చేసినా."

"మరి బోర్డు తీయలేదే సార్?" అన్నాడు మిత్రుడు. అద్దెకు ఇవ్వబడునన్న అట్ట ఇంకా గేటుకే వేలాడుతోంది.

అంత అసహ్యమైన నమస్కారాన్ని నేనెన్నడూ చూడలేదు. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు. దండం పెట్టినవాణ్ణి ఏం చేస్తాం? తిరిగి దండం పెడతాం. మిత్రుడు పెట్టాడు కూడా.

అప్పుడు అరిచాను. వీధిలో వాళ్ళు బయటికొచ్చి చూసేలా అరిచాను. బండి దగ్గరికొచ్చాక మిత్రుడన్నాడు: "రెండు చేతుల షేక్‌హ్యాండు తీసుకున్నాక అరిసినావు. నీది పట్టుకున్నప్పుడే అరిసుంటే సరిపోయుండేది కదబ్బా."

జన్మంతా వాదించినవాణ్ణి, తల వంచుకుని బండి స్టార్టు చేశాను.

నాలుగు రోజుల తర్వాత రేణిగుంటలో ఇంకో ఇంటికి వెళ్ళాం. యజమాని నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా గ్రీజు. మమ్మల్ని చూసి తల ఊపాడంతే.

"సేతులకు మురికుండాదప్పా. తాళం ఆ మేకుకుండాది, తీసుకోని పోయి సూసుకోండి. నచ్చితే రేపే రాండి. ఈ మోటారు మాత్రం సెడ్డ మొండిది, ముందే సెప్తా ఉండా."

మిత్రుడు తాళం తీసుకున్నాడు. మెట్ల మీద ఆగి నా చెవిలో, "ఊరడగలేదు సూసినావా? ఇంకా అడగతాడేమోనని గుండె కొట్టుకుంటానే ఉండాది" అన్నాడు.

ఆయన పైకి వెళ్ళాడు. ఏ దేవుణ్ణీ నమ్మని నేను కింద నిలబడి, ఆ మనిషి అప్పుడే చేతులు కడుక్కోకూడదని కోరుకున్నాను.