మామిడిపూత కింద దూది

డెబ్భైల్లో మా తిరువూరు వాళ్ళు మామిడి తోటల్ని పూత మీదే కొనేవాళ్ళు. కొన్నవాడు కాయ దిగేదాకా తోటలోనే కాపలా పడుకోవాలి. నేనూ రెడ్డిగూడెం దగ్గర ఒక తోటలో వాటా కలిశాను. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాన్న పక్కన కూర్చుని దూది ఏకి ఏకి, ముక్కులో పీచు లేని రోజు ఎరగను. ఆ ఏకే విల్లు నుంచి బయటపడాలి, అంతే.

"చలికి తాళలేక మధ్యలో వచ్చావంటే మళ్ళీ విల్లు పట్టాల్సిందే," అన్నాడు నాన్న.

నేల మీద పడుకుంటే తేళ్ళు. మంచె వేద్దామంటే చెట్లకి మేకులు కొట్టొద్దన్నాడు ఆసామి. సరే, ఉయ్యాల కడదామని బజారుకెళ్ళాను. మందపాటి గుడ్డదా, తాళ్ళతో అల్లిన వలదా? మిట్టమధ్యాహ్నం చెమటలు కారుతుంటే అడిగాను, నా బుద్ధి అలా ఏడిచింది.

"వల తీసుకోండి, కింద నుంచి గాలాడుద్ది," అన్నాడు కొట్లో ఆయన.

ఆడింది. తెల్లారేసరికి నడుము కొయ్యబారింది. చలి వీపు వైపు నుంచి వస్తుంటే పైన ఎన్ని దుప్పట్లు కప్పి ఏం లాభం? గోనెసంచి పరిచాను, ఒళ్ళంతా దురద. గడ్డి కూరాను, వల సందుల్లోంచి రాలిపోయింది. ఇంటి నుంచి దూది బొంత తెచ్చి లోపల పరిస్తే, నా బరువుకి దూదంతా అణిగి అట్టలా అయింది. ఏడుపొక్కటే తక్కువ.

దూది అణిగితే వెచ్చగా ఉండదనే కదా, ఊరంతా పాత పరుపులు ఏకించుకోడానికి మా ఇంటికి తెచ్చేది. నాకు తెలియని సంగతా? బొంత విప్పి, దూది వేళ్ళతో విడదీసి మళ్ళీ కుట్టాను. ఈసారి లోపల పరచలేదు. ఉయ్యాలకి బయట, అడుగున వేలాడేలా కట్టాను. నా బరువు దాని మీద పడలేదు. వీపు వెచ్చబడింది.

నన్ను వెనక్కి తీసుకుపోదామని వచ్చిన నాన్న ఆ కుట్టు తడిమి చూశాడు. "ఎవరు కుట్టారు?" అన్నాడు. నేనేనన్నాను. వెంటనే పోయి పక్క తోటల కాపలావాళ్ళని పిలుచుకొచ్చి చూపించాడు. వాళ్ళవీ వల ఉయ్యాలలే, అందరికీ అలాంటిదే కావాలట. మర్నాడు బస్సు దిగి, దూది మూటతో, విల్లుతో వచ్చాడు.

"నువ్వు తోట వదిలి రానక్కర్లేదులేరా. ఇక్కడే ఏకు," అన్నాడు సంబరంగా.

ఒళ్ళు మండిపోయింది. నెగ్గింది నేను, తోటలో నిలబడింది నేను. అయినా పూత పిందె కట్టేదాకా చెట్ల కింద దూది ఏకుతూనే ఉన్నాను. ఆ ఏడు మామిడిపూత వాసన నా ముక్కుకి తగలనే లేదు.