ఆఖరి చిటికెడు ఉప్పు

వార్సెనిక్ పెళ్లి జరిగిన చర్చిలో ఇప్పుడు గోధుమ బస్తాలున్నాయి. కరబాఖ్ నుంచి సమర్‌ఖండ్‌కు వలసవచ్చిన ఆర్మేనియన్లు తలా కొంత వేసుకుని కట్టుకున్న చర్చి అది. సారా పీపాలు చేసే ఆమె తండ్రి దాని తలుపులు చేశాడు. పాదిరిని పట్టుకుపోయాక సర్కారు దాన్ని గోదాము చేసింది. తాను పెళ్లికూతురుగా నిలబడ్డ చోటే ఆమె చిరిగిన సంచులు కుడుతుంది.

పాదిరి దీవించిన ఉప్పు ఆమె దగ్గర చిటికెడు మిగిలింది. కోడికి ఆ ఉప్పు తినిపించకుండా కోస్తే అది మొక్కుకోడి కాదు, వట్టి కూర. యుద్ధానికి వెళ్లిన కొడుకు అర్షాక్ క్షేమంగా రావాలని, వాడి మొక్కు కోసం దాచింది. పక్కింటి న్వార్ద్ కొడుకూ యుద్ధంలోనే ఉన్నాడు. మొక్కుకు ముందురోజు న్వార్ద్ వచ్చి అడిగింది.

"అక్కా, మా గుర్గెన్ పేరు కూడా ఓసారి అనుకోవే. నీ నోరేం అరిగిపోదుగా."

"ఒక కోడికి ఒక్క పేరేనే. పంచితే ఇద్దరికీ అందదు."

"నీకేంలే, ఉప్పున్న మహారాణివి," అని న్వార్ద్ విసురుగా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పని ఆపినప్పుడు వార్సెనిక్ పుంజు నోట్లో ఉప్పు వేసి, చంకన పెట్టుకుని, అర్షాక్ పేరు తలుచుకుంటూ గోదాము చుట్టూ నడిచింది. మూడు చుట్లు తిరిగాకే కొయ్యాలి.

కాపలావాడు బోజోర్ గుమ్మంలో కూర్చుని నవ్వాడు. "కోడికి ఊరు చూపిస్తున్నావా పెద్దమ్మా? దానికీ రేషన్ కార్డు రాయించకపోయావా."

"ఈకలు నీకే పెడతాలే, నోరు మూసుకో."

రెండో చుట్టు ముగిసేసరికి గుమ్మం దగ్గర షెర్మత్ ఉన్నాడు. అర్షాక్‌తో కలిసి పటాలానికి వెళ్లిన వాళ్ల వీధివాడే. చంకల్లో కర్రలున్నాయి, ఒక కాలు లేదు. ఆమె అతని కాలి వంక చూడలేదు. అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసింది.

"వాడేడీ?"

"వాణ్ని మేమే పూడ్చాం, పెద్దమ్మా. ఏటి ఒడ్డున. నా కాలు పోకముందు."

బోజోర్ లేచి నిలబడ్డాడు. చంకలో కోడి కొట్టుకుంది. ఉప్పు అప్పటికే దాని గొంతు దిగిపోయింది. పోయినవాళ్ల ఆత్మకూ మొక్కు చెల్లించవచ్చు. అర్షాక్ పేరునే పూర్తిచేస్తే ఎవరూ తప్పనరు. ఆమె కోడిని ఇంకో చంకకు మార్చుకుంది.

"నువ్వు కూర్చో నాయనా," అంది. తర్వాత గుర్గెన్ పేరు పైకే అని, మూడో చుట్టు మొదలుపెట్టింది.

సాయంత్రం ఉడికించిన మాంసం తెచ్చి న్వార్ద్ ముందు పెట్టింది. "గుర్గెన్ పేరున కోశాను."

"ఒక్క పేరేనంటివి? మరి మీవాడో?"

"వాడికి అక్కర్లేదు."

న్వార్ద్ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

"చల్లారకముందే తిను," అంది వార్సెనిక్.