జర్మనీ కారుకి తుమ్మచెక్క

చక్రాన్ని కనిపెట్టినవాణ్ణి లోకం ఇప్పటికీ పొగుడుతూనే ఉంది. అది దొర్లిపోకుండా దాని కింద మొదటిసారి రాయి పెట్టినవాణ్ణి ఎవరూ తలవరు. కైకలూరు జక్కయ్య ఆ రెండోవాడి సంతతి.

1991లో అతను కొల్లేటి చేపలు హౌరాకి తోలే లారీలో క్లీనరుగా చేరాడు. బండి ఆగీ ఆగకముందే కిందికి దూకి వెనక చక్రానికి అడ్డు పెట్టడం అతని ముఖ్యమైన పని. ఆ కాలపు లారీల్లో హ్యాండ్‌ బ్రేకు అనేది ఎక్కువగా తువాలు ఆరేసుకోవడానికి పనికొచ్చేది. కొత్తలో ఒకసారి, ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ దగ్గర, టీ మీద యావకొద్దీ అడ్డు మరిచిపోయాడు. గ్లాసు పెదవిదాకా వచ్చేలోగా లారీ తనంతట తాను బయల్దేరి, తొందరేమీ లేకుండా వెనక్కి నడిచివెళ్ళి కాలవలో కూర్చుంది. ఐసులో ఉన్న బొచ్చెలూ శీలావతులూ మళ్ళీ నీళ్ళు చూశాయి గాని, అప్పటికి వాటికి ఈదే వయసు దాటిపోయింది.

ఆ సాయంత్రమే జక్కయ్య వడ్రంగి చేత తుమ్మచెక్క ఒకటి ఏటవాలుగా చెక్కించుకున్నాడు. తరవాత డ్రైవరయ్యాడు, కింద క్లీనర్లు వచ్చారు, పోయారు. చెక్క పెట్టే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. స్టీరింగు ఇస్తే ఇచ్చేవాడేమో.

కొన్నేళ్ళకి ఎడమ కన్ను మందగించి, రాత్రి ప్రయాణాలు కుదరక లారీ దిగాడు. అప్పుడు ఆదుకున్నది చేపల వ్యాపారి హనుమయ్యగారు. కైకలూరులో చెరువులు, విజయవాడ భవానీపురంలో మేడ, ఆ మేడ ముందు వాలుగా దిగే సిమెంటు దారి; 2006లో ఆ వాలు మీదికి ఒక జర్మనీ కారు వచ్చింది. జక్కయ్య దాని డ్రైవరు.

ఎక్కి కూర్చున్న మొదటి నిమిషంలోనే జక్కయ్యకి చెమటలు పట్టాయి. సీటు పక్కన తడిమి చూశాడు. సీటు కింద తడిమి చూశాడు.

"హ్యాండ్‌ బ్రేకు లేదండీ!"

"ఉందిరా. అదిగో, ఆ మీట. వేలితో పైకి లాగితే పడుద్ది, కిందికి నొక్కితే వదుల్తుంది. అంతా కరెంటు," అన్నారు హనుమయ్యగారు, కరెంటు తానే కనిపెట్టినట్టు.

జక్కయ్య భక్తిగా మీట లాగాడు. వెనక ఎక్కడో 'జుయ్‌' మంది. తరవాత దిగి, సంచీలోంచి తుమ్మచెక్క తీసి చక్రం కింద పెట్టాడు.

హనుమయ్యగారికి తల కొట్టేసినట్టయింది. ఎదురింటి డాక్టరుగారు బాల్కనీలోంచి చూస్తున్నారు. "ఒరే, ఇంత పోసి జర్మనీ కారు కొన్నది చెక్క పెట్టడానికా? ఇంకోసారి ఆ చెక్క నా కళ్ళబడిందా, ఆ రోజే నీ ఉద్యోగం ఆఖరు!"

జక్కయ్య చెక్కని డిక్కీలో, స్పేరు టైరు కింద దాచాడు. అయ్యగారు లోపలికి వెళ్ళాక పెట్టడం, రాకముందే తియ్యడం. రెండేళ్ళపాటు ఆ జర్మనీ కారు చాటుమాటుగా తుమ్మచెక్క మీదే నిద్రపోయింది.

2008 దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్న జక్కయ్య కారు స్టార్టు చేసి మీట నొక్కాడు. జుయ్‌ లేదు. మళ్ళీ నొక్కాడు. కారు ముక్కు పైకెత్తి, వెనక చక్రాలు బిగబట్టి, వాలు మీద గోరంత కదల్లేదు. పదకొండింటి రైలుకి హౌరా నుంచి సామంతబాబు దిగుతున్నాడు. ఆయన హనుమయ్యగారి చేపలన్నీ కొనే షావుకారు. విజయవాడ రావడం ఇదే మొదలు.

హనుమయ్యగారు హైదరాబాదు షోరూముకి ఫోను చేశారు.

"సర్, పార్కింగ్‌ బ్రేక్‌ మోటార్లు రెండూ, కంట్రోల్‌ యూనిటూ, స్విచ్చూ మార్చాల్సి రావచ్చు సర్‌. బండి ఇక్కడికి ట్రక్కు మీద పంపించాలి. అన్నీ కలిపి సుమారుగా లక్షా డెబ్బై వేలు సర్‌," అంది ఒక తియ్యని గొంతు.

ఆయన తూలి, అలవాటు కొద్దీ నిలదొక్కుకున్నారు. "రెండు మోటార్లూ ఒకేసారి తీసుకుంటున్నాం కదమ్మా. ఒక ధర చెప్పు."

"సర్, ఫిక్స్‌డ్‌ రేటు సర్‌."

"పోనీ ఒక చక్రానికే వేయించుకుంటే?"

"సారీ సర్‌."

నలభై ఏళ్ళ బేరాల జీవితంలో హనుమయ్యగారు మొట్టమొదటిసారి ఓడిపోయారు. ఫోను పెట్టేసి జక్కయ్య వైపు తిరిగారు. "బండి నీ చేతిలో ఉంది. రైలొచ్చేసరికి అది స్టేషన్లో లేకపోతే నువ్వు కైకలూరు బస్సెక్కెయ్‌. ఇంక రావద్దు!"

ఒంటికన్ను డ్రైవరుకి ఇంకో స్టీరింగు ఎవరిస్తారు? జక్కయ్య ఆటోనగర్‌కి ఫోను కొట్టాడు. "ఒరే జాన్‌బాబూ, పరిగెత్తుకు రారా! నా కూడు పోతోంది!"

జాన్‌బాబు అతని లారీల నాటి మెకానిక్కు. ఊరికి ఆ చివర్నుంచి ఈ చివరికి స్కూటరు మీద ఎలా వచ్చాడో గాని, ఇంజను ఆపేసరికి స్కూటరూ అతనూ కూడా రొప్పుతున్నారు. కారు కింద దూరాడు, బయటికొచ్చాడు, లోపల దూరి మీట ఊడబీకాడు. తలకిందులు చేసి తట్టాడు. అరచేతిలో ఎర్రటి, పసుపుపచ్చటి మట్టి గడ్డ రాలింది.

"ఏందిరా ఇది? స్విచ్చా, కుంకుమ భరిణా?"

జక్కయ్య మొహం పాలిపోయింది. దసరాకి బండి పూజలో ప్రతి మీటకీ బొట్టు పెట్టాలి: స్టీరింగుకి, గేరుకి, హ్యాండ్‌ బ్రేకుకి. లారీల్లో అతను ఏటేటా చేసిన పూజే. ఈ కారుకి బొట్లు పెట్టేది హనుమయ్యగారి భార్య బుల్లెమ్మగారు. హ్యాండ్‌ బ్రేకేదని ఆవిడ అడిగితే, చూపించింది జక్కయ్య. మూడు దసరాల తడి పసుపు, పైన నిమ్మరసం, ఆ సందులోకి దిగి స్థిరపడ్డాయి.

"ఎవడ్రా పెట్టింది?" హనుమయ్యగారి గొంతు ఎదురింటి బాల్కనీ దాటింది.

జక్కయ్య నోరు తెరిచాడు. అంతలో గుమ్మంలోంచి బుల్లెమ్మగారు వచ్చారు. "నేనే పెట్టానండీ. ఏం? అమ్మవారి బొట్టుకి తట్టుకోలేని బ్రేకు, రేపు కొండ మీద మనల్ని ఆపుద్దా?"

హనుమయ్యగారు ఏదో అనబోయి, ఇంట్లో కూడా ఫిక్స్‌డ్‌ రేటేనని గుర్తొచ్చి ఆగిపోయారు.

"సంగతి తరవాత తేల్చుకోండి," అన్నాడు జాన్‌బాబు, "స్విచ్చు లోపల తుప్పు తినేసింది, కడిగినా పలకదు. చక్రాలు విప్పి, మోటార్లు ఊడదీసి, బ్రేకు చేత్తో వెనక్కి తిప్పేస్తా. బండి నడుస్తుంది, కాలి బ్రేకు పడుద్ది. కాని మోటార్లకి కరెంటు తీసేస్తున్నా. నిలబెట్టినప్పుడు పట్టుకునేది మాత్రం ఏమీ ఉండదు. గేరులో వదిలినా వాలు మీద నమ్మకండి."

బోల్టులు ఊడాయి, రెంచి తిరిగింది, బుల్లెమ్మగారు టీ తెచ్చారు, ఎవరూ తాగలేదు. చివరి నట్టు బిగుసుకునేసరికి పదీ నలభై. కారు కదిలింది! జాన్‌బాబు ఎనిమిది వందలు అడిగితే, హనుమయ్యగారు బేరమాడకుండా ఇచ్చేశారు. అంతటి కంగారు అది.

సామంతబాబు రైలు దిగుతూనే, ముందు దుర్గమ్మ దర్శనం అన్నాడు. కారు ఇంద్రకీలాద్రి ఘాట్‌ రోడ్డెక్కింది. డాష్‌బోర్డు మీద బ్రేకు లైటు అఖండదీపంలా ఎర్రగా వెలుగుతోంది. సగం దూరంలో ముందున్న బస్సులు ఆగిపోయాయి. పోలీసు ఈల ఊది, బండి అక్కడే పెట్టి నడిచి వెళ్ళమన్నాడు. ముందు నిటారు ఎక్కుడు. వెనక జనం, కొబ్బరికాయల బుట్టలు, చంకల్లో పిల్లలు.

జక్కయ్య రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి బిగుసుకుపోయాడు. దిగలేడు. అద్దంలో అయ్యగారిని చూశాడు. ఆయన షావుకారుని చూశారు, ఎర్ర దీపాన్ని చూశారు, వెనక జనాన్ని చూశారు. తరవాత కొండంతా వినబడేలా అరిచారు:

"ఒరే జక్కయ్యా, నీ చెక్కేదిరా!"

"డిక్కీలో ఉందండీ! స్పేరు టైరు కిందండీ!"

"ఇంకా ఉంచావూ?"

"ఉంచానండీ!"

హనుమయ్యగారే దిగి, పట్టుపంచె పైకి దోపుకుని, డిక్కీ తెరిచి, వెనక చక్రం కింద చెక్క దోపారు. జక్కయ్య బ్రేకు వదిలితే కారు వేలెడంత వెనక్కి జారి, తుమ్మచెక్క మీద వీపు ఆనించి ఆగింది. జక్కయ్య అప్పుడు కిందికి దిగాడు.

సామంతబాబు కూడా దిగి, వంగి ఆ చెక్కని ఆప్యాయంగా తడిమాడు. తన హిందీ తెలుగు కలగలిపి అన్నాడు: "హనుమయ్యగారూ, మా మార్కెట్లో చెక్క లేని ఆంధ్రా లారీని గేటు దాటనివ్వం. మీ మనిషి మంచి మనిషి. ఇతన్ని వదులుకోకండి."

"వదలడమా! ఇది స్పెషల్‌గా పెట్టించానండి," అన్నారు హనుమయ్యగారు, మోకాలి మట్టి దులుపుకుంటూ.

కొత్త స్విచ్చు ఆయన ఎప్పటికీ తెప్పించలేదు. కారు ఎక్కడ ఆగినా, వెనక సీటులోంచి "జక్కయ్యా, చెక్క!" అని ధీమాగా వినబడేది. మరుసటి దసరాకి బుల్లెమ్మగారు పసుపూ కుంకుమా పట్టుకొచ్చి, జక్కయ్య ఏదీ చూపించకముందే, మొదటి బొట్టు తుమ్మచెక్కకి పెట్టారు.