పుంగనూరులో పాడేసిన రహస్యలిపి

1948 నవంబరులో నన్ను మదరాసు వైర్‌లెస్ తనిఖీ కార్యాలయం నుంచి మదనపల్లెకు పంపారు. అప్పుడు నేను ఇన్‌స్పెక్టర్‌ని. సరదాకు సొంత రేడియో సెట్టు నడుపుకునే లైసెన్సుదార్లను మా శాఖలో అమెచ్యూర్లంటాం. వాళ్లు ఏం పంపినా బహిరంగ భాషలోనే పంపాలి, రహస్యలిపి కూడదని నిబంధన. మదనపల్లె నుంచి కుప్పానికి ఎవరో మోర్సులో ‘ఎస్, ఎల్, ఎస్, ఎమ్’ అంటూ అర్థంపర్థం లేని అక్షరాలు పంపుతున్నారని మా ఆపరేటరు విని, కాగితం మీద రాసిపెట్టి, ఇది రహస్యలిపేనని రిపోర్టు రాశాడు.

పంపేది సామ్యూలప్ప, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి. అందుకునేది కుప్పం రైల్వే స్టేషన్లో పనిచేసే అతని తమ్ముడు. సెట్టుకు సీలు వేయడానికి నేను లక్క బయటికి తీసేసరికి సామ్యూలప్పకు చెమటలు పట్టాయి. యుద్ధకాలంలో అందరిలాగే సెట్టు సర్కారుకు అప్పగించి, మొన్నమొన్ననే మళ్లీ తెచ్చుకున్నాడు పాపం.

“దాసేదానికి ఇందులో ఏముండాది సార్? క్రిస్మస్ పాట. ఆడ చర్చిలో పాటలు నేర్పేది మా తమ్ముడే. ఆ అక్షరాలు డో, రే, మీ సార్, మన సరిగమల మాదిరి. ఎస్ అంటే సో, ఎల్ అంటే లా, ఎమ్ అంటే మీ,” అన్నాడు.

పాడి చూపిస్తానన్నాడు కూడా. వద్దన్నాను. అన్నదమ్ములు ముందే కూడబలుక్కుంటే ఏ అక్షరాలకైనా ఏ రాగమైనా కట్టగలరు. వీళ్లెవరో తెలియని మూడో మనిషి చదవగలిగితేనే అది భాష అని తేల్చుకుని, ఆ కాగితంతో పుంగనూరు బస్సెక్కాను.

అక్కడి చర్చిలో పాటలు నేర్పే శాంతమ్మ టీచరు ఇంటికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, ఆమె చేతికి కాగితం ఇచ్చాను. ఆమె కళ్లజోడు సర్దుకుని అక్షరాలను గడగడా పాడేసింది. రెండో వరుసకే వంటింట్లోంచి వాళ్ల అత్త ఆ స్వరాలకు పాట మాటలు కలిపి పాడింది. ఆ తర్వాత పక్కింటివాళ్లు కూడా అందుకున్నారు.

పాట అయ్యాక శాంతమ్మ నన్ను ఎగాదిగా చూసి, “మా గుంపులో పాడేదానికి వచ్చినారాప్పా? మీది సన్న గొంతా, లావు గొంతా?” అంది.

ఇన్‌స్పెక్టర్‌నన్నాను.

“అట్లయితే లావు గొంతే,” అని తేల్చేసింది.

మదరాసులో మా పై అధికారి నా నివేదిక చదివి ఇంకో మెలిక పెట్టాడు. రహస్యలిపి కాకపోతే సంగీతం, అమెచ్యూర్లు సంగీతం ప్రసారం చేయడమూ నిషేధమే అన్నాడు. ఎటు తిప్పినా సామ్యూలప్ప సెట్టు పోయేటట్టే ఉంది. నాకు ఒళ్లు మండింది. వెళ్లింది మోర్సు అక్షరాలే కదా, మన ఆపరేటరుకు సంగీతం వినబడి ఉంటే రహస్యలిపి అని ఎందుకు రాశాడండీ అని అడిగాను. ఆయన నా నివేదిక మీదే సెట్టు వదిలేయమని సంతకం పెట్టాడు. ఇకమీదట ముందుగా ‘పాట స్వరాలు’ అని చెప్పి పంపాలని మాత్రం షరతు పెట్టాడు.

నాకు తెలియనిదీ, ఎవరో దాచినదీ ఒకటి కావు. ఆ తర్వాత వింత సందేశం వచ్చినప్పుడల్లా దాన్ని చదవగలిగేవాళ్లు యాడుంటారో ముందు వెతికేవాణ్ణి. లక్క కరిగించాల్సిన అవసరం పెద్దగా పడలేదు.