కాల్చడం వేరు, పీల్చడం వేరు

మా తాత మాట తప్పే మనిషి కాడు. మాటలో కంత వెతుక్కునే మనిషి.

ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయన తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. నిలువెత్తు పెట్టె, మడత గేటు, మూలనొక స్టూలు. పొద్దుట ఎక్కితే సాయంత్రందాకా ప్రయాణమే, చేరేది మాత్రం ఎక్కిన చోటికే. ఆ స్టూలు కోసమే పార్శిళ్లు పంచే పని మానుకుని వచ్చాడు. ఎందుకంటే వంద అడుగులు వేసేసరికి ఎడమ పిక్క రాయిలా పట్టేసేది. కాసేపు ఆగితే వదిలేది. పడుచువాడు నడివీధిలో ఊరికే నిలబడితే నవ్విపోతారని, ఏ కొట్టు కనపడితే ఆ కొట్టు ముందు ఆగి బేరమాడేవాడట. అలా ఒకసారి బేరం తెగి, చంటిపిల్లల ఉయ్యాల కొనక తప్పింది కాదు. అప్పటికి పెళ్లయి రెండు నెలలు. నానమ్మ ఆ ఉయ్యాలలో ఉల్లిపాయలు పోసుకుంది.

ఆ తర్వాత కాలివేళ్లు నీలంగా మారాయి. డాక్టరమ్మ పాదం పట్టుకు చూసి, "మంచులా ఉందేమిటి నాయనా? రోజుకెన్ని సిగరెట్లు?" అంది.

"ఓ పాతికండి."

"ఇది పొగ తాగే కుర్రాళ్లకొచ్చే జబ్బు. సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. కాల్చడం పూర్తిగా మానేస్తే కాలు దక్కడానికి ఆశ ఉంది. లేదా ముందు వేళ్లు, తర్వాత పాదం. నలభై నిండకుండానే మోకాలిదాకా పోయినవాళ్లను చూశాను."

"ఇక కాల్చనండి" అని నానమ్మ ఎదుటే ఒట్టు పెట్టాడు.

ఒట్టు అక్షరాలా నిలబెట్టుకున్నాడు కూడా. అగ్గిపుల్ల ముట్టలేదు. కానీ ఆరో అంతస్తు గుమాస్తా లిఫ్టులోకి సిగరెట్ వెలిగించుకునే వచ్చేవాడు, దిగేటప్పుడు మిగిలిన సగం తాత చేతిలో పెట్టేవాడు. కాల్చింది గుమాస్తా. తాత పీల్చాడంతే.

ఆరు నెలలకు చిటికెనవేలు నల్లబడింది. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి.

"మానేశావా?"

"కాల్చడం మానేశానండి."

రోజూ ఆయన చొక్కాలు ఉతికే నానమ్మ నెమ్మదిగా, "కాల్చడం సరే బావా. పీల్చడం?" అంది.

తాత గోడ గడియారం వంక చూశాడు. టైమెంతని ఎవరూ అడగలేదు.

"నరానికి వ్యాకరణం తెలీదు నాయనా" అంది డాక్టరమ్మ. "ఆ వేలు పోయినట్టే. మిగతా నాలుగూ నీ చేతిలో ఉన్నాయి. ఒక్క దమ్మూ వద్దు. పక్కవాడి పొగ కూడా వద్దు."

"నేనుండేదే పెట్టెలోనండి."

"అయితే పెట్టెలోకి పొగ రానివ్వకు."

చెప్పడం తేలికే. వంద అడుగులు నడవలేనివాడికి ఆ స్టూలు తప్ప ఇంకే కొలువు దొరుకుతుంది? వదల్లేడు, ఉండలేడు. వేలు తీయించుకుని, పుండు మానాక మళ్లీ అదే పెట్టెలోకి వెళ్లి కూర్చున్నాడు.

మొదటి రోజే గుమాస్తా దిగబడ్డాడు, నోట్లో సిగరెట్‌తో.

"ఏం అల్లుడూ, వేలు తీసేశారటగా. చెప్పు వదులైందా?"

"అయింది మామా. అది బయట పారేసి రా."

"నడపవయ్యా, హాజరు సంతకం టైమవుతోంది."

గేటు మూస్తేగానీ లిఫ్టు కదలదు. తాత గేటు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వెనక వరసలో గొణుగుడు మొదలైంది.

"మేనేజరుతో చెప్తా" అన్నాడు గుమాస్తా.

"చెప్పు మామా. ఆయనా ఇందులోనే ఎక్కాలి. ఆయనక్కూడా ఇదే చెప్తా."

మాట పెగిలింది గానీ, మేనేజరు నిజంగానే పొమ్మంటే ఎక్కడికి పోవాలి?

చివరికి గుమాస్తా దమ్ము లాగుతూనే మెట్లవైపు నడిచాడు. వరస లోపలికొచ్చింది. తాత గేటు లాగాడు. పెట్టెలో పొగ వాసన ఇంకా ఉంది. పాడు ముక్కు, అడక్కుండానే అటు తిరిగింది. నోరూరింది.

"ఎనిమిది" అంది పక్కనున్న టైపిస్టు.

తాత ఊపిరి బిగబట్టి మీట తిప్పాడు. ఎనిమిదో అంతస్తు దాకా వదల్లేదట.